తప్పు సెన్సర్‌దా, తీగదా?

2019 మే నెల చివరి వారం. నల్గొండ జిల్లాలో మా బంధువుల ఊరి చెరువులో పూడిక తీస్తున్నారు. పది పన్నెండు ట్రాక్టర్లు కట్ట కింద వరుసగా నిలబడి ఉన్నాయి. ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకోవడానికి రైతులు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మట్టి తీసి పోయవలసిన పొక్లెయిన్ మాత్రం నత్తనడక నడుస్తోంది. బకెట్ మట్టిలో దిగుతుంది, కానీ పైకి లేవడానికి నిన్న పట్టిన సమయానికి రెండింతలు పడుతోంది. డ్రైవరు ముందున్న తెరపై పసుపుపచ్చ దీపం, పక్కన ఒక కోడ్ నంబరు. పంపు పీడనం కొలిచే సెన్సర్ నుంచి వచ్చే సంకేతం సరిగా లేదని దాని అర్థం.

అప్పటికే సెన్సర్‌ను ఒకసారి మార్చారు. కోడ్ పోలేదు. కొత్తది కూడా చెడ్డదేమోనని మరొకటి తెప్పించి బిగించారు. కోడ్ అలాగే ఉంది. రెండు రోజుల పని పోయింది, రెండు సెన్సర్ల డబ్బు పోయింది. తొలకరి పడి చెరువులోకి నీరు చేరిందంటే ఆ ఏటికి పూడికతీత ఆగిపోయినట్లే. మూడో రోజు నకిరేకల్ వైపు నుంచి ఒక పెద్దవయసు మెకానిక్ వచ్చాడు. యంత్రం దగ్గర ఉన్న హెల్పర్ కుర్రాడు అతనితో, "సెన్సర్ మార్చినం గదన్నా, మళ్ల గదే కోడ్ వస్తున్నది" అన్నాడు.

మెకానిక్ సంచిలోంచి మల్టీమీటర్ తీస్తూ, "సెన్సర్ సంగతి తర్వాత. దానికి కరెంటు అందుతున్నదా చూసినవా తమ్మీ?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్నలో ఎంత భౌతికశాస్త్రం ఉందో, పదో తరగతి చదివిన వారెవరైనా దాని జవాబు ఎలా కనుక్కోవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

పీడనంతో నడిచే చెయ్యి

మన పల్లెల్లో ఈ యంత్రాన్ని పొక్లెయిన్ అనీ, ప్రొక్లెయినర్ అనీ అంటారు. అది నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్లను తొలి రోజుల్లో తయారుచేసిన సంస్థల్లో అదొకటి. కంపెనీ పేరే యంత్రం పేరుగా స్థిరపడిపోయింది.

ఈ యంత్రం చేతిలో గొలుసులు గానీ, పళ్ల చక్రాలు గానీ కనిపించవు. బూమ్, ఆర్మ్, బకెట్ - ఈ మూడింటినీ కదిపేది సిలిండర్లలోకి వెళ్లే నూనె. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రం మీకు తెలిసిందే. ఆ సూత్రమే ఇక్కడ పనిచేస్తోంది.

20 టన్నుల తరగతి యంత్రంలో నూనె గరిష్ఠ పీడనం సుమారు 35 మెగాపాస్కళ్లు ఉంటుంది. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 357 కిలోగ్రాముల బరువు మోపినట్లు. కారు టైరులో ఉండే గాలి పీడనానికి ఇది 150 రెట్లకు పైమాటే. సిలిండర్ లోపలి వ్యాసం 12 సెంటీమీటర్లు అనుకుంటే పిస్టన్ వైశాల్యం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. 113ను 357తో గుణించండి. దాదాపు 40 టన్నుల బరువుతో సమానమైన బలం వస్తుంది. మనిషి నడుమంత లావు కూడా లేని ఒక సిలిండర్ ఇంత బలం చూపిస్తుందన్నమాట.

పీడనాన్ని ఎందుకు కొలవాలి?

ఇంత బలమున్న యంత్రానికి విద్యుత్ సెన్సర్ ఎందుకు? ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

ద్రవం ద్వారా అందే శక్తి రేటు అంటే పీడనం, ప్రవాహం - ఈ రెండింటి లబ్ధం. మన యంత్రంలోని రెండు పంపులూ కలిసి నిమిషానికి 400 లీటర్ల నూనె తోడగలవనుకుందాం. అంటే సెకనుకు 0.00667 ఘనపు మీటర్లు. దీన్ని 3,50,00,000 పాస్కళ్లతో గుణిస్తే సుమారు 233 కిలోవాట్లు. కానీ ఈ తరగతి యంత్రాల్లో డీజిల్ ఇంజన్ సామర్థ్యం సుమారు 110 కిలోవాట్లే! పంపులు పూర్తి ప్రవాహాన్నీ, పూర్తి పీడనాన్నీ ఒకేసారి ఇవ్వబోతే ఇంజన్ పొగ కక్కి ఆగిపోతుంది.

అందుకని పంపులను ప్రవాహం మార్చుకోగలిగేలా తయారుచేస్తారు. గట్టి నేల తగిలి పీడనం పెరిగితే ప్రవాహాన్ని తగ్గించాలి. మట్టి వదులుగా ఉండి పీడనం తగ్గితే ప్రవాహాన్ని పెంచాలి. సైకిలు మీద ఎత్తు ఎక్కేటప్పుడు మనం నెమ్మదిగా, పల్లంలో వేగంగా పోవడం లాంటిదే ఇది. ఈ నిర్ణయం తీసుకునేది కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్. దానికి కళ్లు లేవు, చెవులు లేవు. పంపులో పీడనం ఎంత ఉందో దానికి చెప్పేది సెన్సర్ ఒక్కటే.

సెన్సర్ పీడనం లేకపోయినా ఎక్కువగా ఉందని చెబితే కంట్రోలర్ ప్రవాహాన్ని అనవసరంగా తగ్గిస్తుంది, యంత్రం మందగిస్తుంది. ఉన్నదానికన్నా తక్కువ అని చెబితే ప్రవాహం తగ్గదు, ఇంజన్ మీద మోయలేని భారం పడుతుంది. ఏమీ చెప్పకపోతే కంట్రోలర్ ముందుగా తనలో రాసి ఉంచిన ఒక సురక్షిత విలువను పట్టుకుని యంత్రాన్ని నెమ్మదిగా నడుపుతుంది. చెరువులోని పొక్లెయిన్ మందకొడితనానికి కారణం ఇదే. పంపు బాగుంది, ఇంజన్ బాగుంది. చెడినది సమాచారం.

సెన్సర్ లోపల ఏముంది?

బొటనవేలంత ఉండే ఈ సెన్సర్ కొసన ఒక పలుచని లోహపు పొర ఉంటుంది. ఒక పక్క నూనె దాన్ని నొక్కుతుంది. మరో పక్క దానిపై సన్నని నిరోధాలు అతికి ఉంటాయి. పొర వంగినప్పుడు ఈ నిరోధాలు కాస్త సాగుతాయి లేదా కుంచించుకుంటాయి. లోహపు తీగ సాగితే దాని విద్యుత్ నిరోధం మారుతుందని లార్డ్ కెల్విన్ 1856లోనే గమనించాడు. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు వేరువేరుగా ఈ ధర్మాన్ని ఆధారం చేసుకుని అతికించే స్ట్రెయిన్ గేజిని తయారుచేశారు. రూజ్ అప్పట్లో నీటి ట్యాంకుల మీద భూకంపాల ప్రభావాన్ని పరిశోధిస్తున్నాడు. 1954లో చార్లెస్ స్మిత్ సిలికాన్, జెర్మేనియం స్ఫటికాల్లో ఈ ప్రభావం లోహాల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువని చూపాడు. నేటి సెన్సర్లలో ఈ రెండు రకాలూ ఉన్నాయి.

మార్పు ఎంత చిన్నదో చూడండి. 350 ఓమ్‌ల లోహపు గేజి వెయ్యింట ఒక వంతు సాగితే దాని నిరోధం సుమారు 0.7 ఓమ్ మాత్రమే పెరుగుతుంది. అంత చిన్న తేడాను పట్టుకోవడానికి నాలుగు గేజిలను వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలుపుతారు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో మీరు జాకీతో తీగ మీద జరుపుతూ శూన్య బిందువు వెతికే మీటర్ బ్రిడ్జి దీని రూపమే. 5 వోల్టులు ఇస్తే బ్రిడ్జి నుంచి వచ్చేది సుమారు 10 మిల్లీ వోల్టులు. సెన్సర్‌లోనే ఉన్న చిన్న చిప్ దాన్ని పెద్దది చేసి బయటికి పంపుతుంది.

మూడు తీగల కథ

ఇలాంటి సెన్సర్‌కు సాధారణంగా మూడు తీగలు ఉంటాయి. ఒకటి కంట్రోలర్ నుంచి 5 వోల్టుల సరఫరా తెస్తుంది. రెండోది భూతీగ, మెకానిక్‌ల మాటలో ఎర్త్. మూడోది కంట్రోలర్‌కు కబురు తీసుకువెళ్లే సంకేతపు తీగ. యంత్రం బ్యాటరీ 24 వోల్టులదైనా సెన్సర్లకు అందేది కంట్రోలర్ స్థిరపరచి ఇచ్చే 5 వోల్టులే.

ఉదాహరణకు 50 మెగాపాస్కళ్ల వరకు కొలిచే సెన్సర్‌ను తీసుకుందాం. పీడనం సున్న ఉన్నప్పుడు అది 0.5 వోల్టు ఇస్తుంది. 50 మెగాపాస్కళ్ల దగ్గర 4.5 వోల్టులు ఇస్తుంది. అంటే ప్రతి మెగాపాస్కల్‌కు 0.08 వోల్టు. 10 మెగాపాస్కళ్లకు 1.3 వోల్టులు, 35 మెగాపాస్కళ్లకు 3.3 వోల్టులు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. పీడనం సున్న అయితే వోల్టేజి కూడా సున్న ఉండవచ్చు కదా! 0.5 నుంచి ఎందుకు మొదలుపెట్టారు?

ఇందులోనే అసలు తెలివి ఉంది. సున్న పీడనానికి సున్న వోల్టులు అని నిర్ణయిస్తే, కంట్రోలర్‌కు సున్న వచ్చినప్పుడు అది దేన్ని నమ్మాలి? పీడనం నిజంగా లేదా, లేక తీగ తెగిపోయిందా? రెండింటికీ తేడా తెలియదు. పరీక్ష రాసి సున్న మార్కులు తెచ్చుకున్నవాడికీ, అసలు పరీక్షకే రానివాడికీ మార్కుల పట్టికలో ఒకే గుర్తు వేసినట్లవుతుంది. 0.5 వోల్టు ఉంటే 'పీడనం లేదు' అని అర్థం. 0 వోల్టు ఉంటే 'కబురు లేదు' అని అర్థం. అలాగే 4.5 పైన 5 వోల్టుల దాకా వదిలిన జాగాలోకి సంకేతం పోతే అది కూడా తప్పే. కర్మాగారాల్లో వాడే 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కొలత పద్ధతిలో కింద 4 వదిలింది కూడా ఇందుకే.

కోడ్ ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం రూపొందించిన జె1939 ప్రమాణాన్ని చాలా భారీ వాహనాలు పాటిస్తాయి. అందులో ప్రతి కోడ్‌కు రెండు భాగాలుంటాయి. మొదటిది ఏ కొలత, రెండోది ఏ రకం తప్పు. తప్పు సంఖ్య 3 అయితే వోల్టేజి ఉండవలసిన దానికన్నా ఎక్కువ. 4 అయితే తక్కువ. 5 అయితే వలయం తెగి ఉండవచ్చు. 2 అయితే విలువ నిలకడ లేకుండా ఎగిరిపడుతోంది. కొందరు తయారీదారులు సొంత అంకెలు వాడతారు గానీ భావం ఇదే.

'పంపు పీడనపు సెన్సర్, వోల్టేజి తక్కువ' అని తెర మీద కనిపించగానే చాలామంది సెన్సర్ చెడిందని చదువుకుంటారు. కోడ్ ఆ మాట అనలేదు. కంట్రోలర్ తన గుమ్మం దగ్గరికి వచ్చిన వోల్టేజిని మాత్రమే చూడగలదు. సెన్సర్, మూడు తీగలు, మధ్యలోని కనెక్టర్లు, చివరికి కంట్రోలర్ లోపలి వలయం - వీటిలో ఏది చెడినా అదే కోడ్ రావచ్చు. ఒకటొకటిగా చూద్దాం.

సంకేతపు తీగ ఒరుసుకుపోయి యంత్రం ఇనుప శరీరానికి తగిలితే వోల్టేజి సున్నకు పడిపోతుంది. సరఫరా తీగ తెగితే సెన్సర్‌కు ప్రాణం లేదు కనుక చాలా యంత్రాల్లో సంకేతం సున్న దగ్గరే ఉంటుంది. సంకేతపు తీగ 5 వోల్టుల తీగకు తగిలితే 5 కనిపిస్తుంది. భూతీగ తెగితే కరెంటు తిరిగి పోయే దారి లేక సంకేతం పైకి ఎగబాకి 'ఎక్కువ' అనే కోడ్ వస్తుంది. సంకేతపు తీగే తెగితే కంట్రోలర్ లోపలి నిరోధం ఏ వైపు కలిపి ఉందో ఆ వైపుకు, అంటే 0కు గానీ 5కు గానీ పోతుంది. చూశారా, ఇన్ని దారుల్లో సెన్సర్ తప్పు ఒక్కటి మాత్రమే!

చెయ్యి పెట్టే ముందు

పరీక్ష మొదలుపెట్టే ముందు బకెట్‌ను నేలమీద ఆనించాలి. ఇంజన్ ఆపి, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో లివర్లను కదిపి సిలిండర్లలో మిగిలిన పీడనాన్ని వదిలించాలి. పీడనం ఉన్న లైను మీద సెన్సర్‌ను విప్పకూడదు. నూనె కారుతోందేమోనని పైపును చేత్తో తడిమి చూడకూడదు. సూది బెజ్జమంత రంధ్రం నుంచి చిమ్మే నూనె చేతి తొడుగును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్లు కనిపించినా లోపల కండరం చెడిపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పోవాలి. అట్ట ముక్క అడ్డుపెట్టి చూడడం సురక్షితమైన పద్ధతి.

మొదటి పరీక్ష కళ్లతో

చాలా తప్పులు మీటరు తీయకముందే దొరుకుతాయి. కనెక్టర్ విప్పి చూడాలి. లోపల నీరుందా? పచ్చగా చిలుము పట్టిందా? పిన్ను వంగిందా, వెనక్కి జరిగిందా? యంత్రాన్ని ప్రెషర్ పంపుతో కడిగిన మర్నాడే కోడ్ వచ్చిందంటే నీటిని అనుమానించాలి. ఈమధ్య బకెట్ పళ్లకు వెల్డింగ్ చేశారా అని అడగాలి. బ్యాటరీ వైరు విప్పకుండా యంత్రం మీద ఆర్క్ వెల్డింగ్ చేస్తే ఆ భారీ కరెంటు కంట్రోలర్‌నూ సెన్సర్లనూ దెబ్బతీయగలదు. వైరింగ్ ఎక్కడ క్లాంపుల కింద నుంచి, ఇనుప అంచుల పక్కనుంచి పోతోందో అక్కడ పైతొడుగు అరిగిందేమో చూడాలి. కీచులాడే యంత్రంలో ప్రతి అంచూ ఒక ఆకురాయే.

రెండో పరీక్ష వోల్టేజి

సెన్సర్ కనెక్టర్ విప్పి, తాళం ఆన్ చేసి, ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయకుండా, వైరింగ్ వైపు ఉన్న కనెక్టర్‌లో సరఫరా పిన్నుకూ భూపిన్నుకూ మధ్య వోల్టేజి కొలవాలి. 5 వోల్టులకు అటూ ఇటూగా పావు వోల్టు లోపు ఉంటే ఆ రెండు తీగలూ ప్రాథమికంగా బాగున్నట్లే.

సున్న వచ్చిందా? మీటరు నల్ల తీగను భూపిన్ను నుంచి తీసి యంత్రం శరీరానికి ఆనించి మళ్లీ కొలవాలి. ఇప్పుడు 5 వచ్చిందంటే సరఫరా ఉంది, భూతీగ తెగింది. ఇప్పటికీ సున్న అయితే సరఫరా తీగ తెగింది లేదా సరఫరానే కూలిపోయింది. 24 వోల్టులు కనిపిస్తే ఎక్కడో బ్యాటరీ తీగ దీనికి తగులుతోంది.

సరఫరా కూలిపోవడంలో ఒక చిక్కు ఉంది. చాలా యంత్రాల్లో ఒకే 5 వోల్టుల సరఫరాను నాలుగైదు సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే అన్నింటికీ సరఫరా పడిపోతుంది. తెర మీద ఒకేసారి నాలుగైదు కోడ్‌లు వస్తాయి. నాలుగు సెన్సర్లు ఒకేరోజు చెడిపోవడం అరుదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది చెడడమే ఎక్కువగా జరిగేది. మీటరును 5 వోల్టుల మీద ఉంచి సెన్సర్లను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవాలి. ఏది విప్పగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే దోషి.

మూడో పరీక్ష నిరోధం

తీగ తెగిందా, శరీరానికి తగులుతోందా అన్నది ఓమ్‌లలో చూడాలి. దీనికి ముందు తాళం ఆపి, బ్యాటరీ విప్పి, తీగ రెండు కొసలనూ, అంటే సెన్సర్ దగ్గరా, కంట్రోలర్ దగ్గరా వేరుచేయాలి. నిరోధం కొలిచేటప్పుడు మీటరు తన లోపలి సెల్ నుంచి చిన్న కరెంటును పంపి లెక్కకడుతుంది. వలయంలో వేరే వోల్టేజి ఉంటే ఆ లెక్క తప్పుతుంది, మీటరు పాడుకావచ్చు కూడా.

ఒకే తీగ రెండు కొసల మధ్య నిరోధం దాదాపు సున్న ఉండాలి. ఆ తీగకూ యంత్రం శరీరానికీ మధ్య, ఆ తీగకూ పక్క తీగకూ మధ్య అనంతం ఉండాలి. ఈ కొలత తీసుకుంటున్నప్పుడు ఒకరు తీగల కట్టను మొదటి నుంచి చివరిదాకా మెల్లగా కదుపుతూ పోవాలి. నిలబడి ఉన్న యంత్రంలో బాగున్న తీగ అదురులో మాత్రమే తప్పు చేస్తుంది. కదపకుండా కొలిస్తే అది దొరకదు.

చెరువులో జరిగింది ఇదే. మెకానిక్ కొలిచినప్పుడు సరఫరా 5 వోల్టులు ఉంది, భూతీగ బాగుంది. సంకేతపు తీగ రెండు కొసల మధ్య నిరోధం సున్న. అంతా బాగున్నట్లే ఉంది. మీటరును ఆ తీగకూ ఇనుప చట్రానికీ మధ్య పెట్టి హెల్పర్‌ను కట్ట కదపమన్నాడు. పంపు వెనకాల ఒక క్లాంపు దగ్గరికి రాగానే అనంతం చూపుతున్న మీటరు ఒక్కసారిగా మూడు ఓమ్‌లకు పడింది. క్లాంపు రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. దాని ఇనుప అంచు తీగ తొడుగును కోసింది. రాగి అంచుకు తగిలినప్పుడల్లా సంకేతం సున్న. దెబ్బతిన్న ముక్కను కోసి, కొత్త ముక్క అతికి, తొడుగు వేసి, కట్టను అంచుకు దూరంగా మళ్లించాడు. అరగంట పని. మొదట విప్పి పారేసిన పాత సెన్సర్‌నే తిరిగి బిగించి చూపించాడు. యంత్రం మామూలుగా నడిచింది.

హద్దుల్లోనే ఉండే అబద్ధం

అన్ని తప్పులూ ఇంత సూటిగా కోడ్ రూపంలో బయటపడవు. భూతీగ పూర్తిగా తెగలేదు, కనెక్టర్‌లో చిలుము పట్టి 50 ఓమ్‌ల నిరోధం చేరిందనుకుందాం. సెన్సర్ 10 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే, ఓమ్ నియమం ప్రకారం అక్కడ 0.01 × 50 = 0.5 వోల్టు నష్టం. ఇప్పుడు సెన్సర్‌కు మిగిలింది 4.5 వోల్టులే. పైగా దాని 'నేల' అర వోల్టు పైకి లేచింది.

ఈ రకం సెన్సర్ తన సరఫరాకు అనుపాతంలో సంకేతం ఇస్తుంది. 10 మెగాపాస్కళ్ల దగ్గర 1.3 బదులు పదింట తొమ్మిది వంతులు, అంటే 1.17 ఇస్తుంది. దానికి లేచిన అర వోల్టు కలిస్తే కంట్రోలర్ చూసేది 1.67 వోల్టులు. అది దాన్ని 14.6 మెగాపాస్కళ్లు అని చదువుకుంటుంది. 0.5కూ 4.5కూ మధ్యలోనే ఉంది కనుక వోల్టేజి కోడ్ రాదు. యంత్రం మాత్రం మందగిస్తుంది. పంపు అరిగిపోయిందని ఎవరైనా చెబితే యజమాని నమ్మే ప్రమాదం ఇక్కడే ఉంది. సెన్సర్ ధరతో పోలిస్తే పంపు ధర ఎన్నో రెట్లు ఎక్కువ.

దీన్ని పట్టుకునే దారులు మూడు. ఒకటి, ఇంజన్ ఆపి పీడనం వదిలించాక తెర మీద సెన్సర్ విలువ చూడడం. సున్న దగ్గర ఉండాలి. మన ఉదాహరణలో సంకేతం 0.95 వోల్టు అయి, ఆగిన యంత్రంలో 5.6 మెగాపాస్కళ్లు కనిపిస్తాయి! రెండు, అన్నీ కలిపి ఉండగా, తాళం ఆన్‌లో, సెన్సర్ భూపిన్నుకూ కంట్రోలర్ భూపిన్నుకూ మధ్య వోల్టేజి కొలవడం. కొద్ది మిల్లీ వోల్టులు ఉండాలి, అర వోల్టు ఉండకూడదు. మూడు, రెండు పంపులకూ ఒకే రకం సెన్సర్లు ఉంటే వాటిని తారుమారు చేయడం. తప్పు సెన్సర్‌తో పాటు రెండో పంపుకు పోతే సెన్సర్ చెడింది. తప్పు ఉన్నచోటే ఉంటే అది తీగది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

అన్నీ సరిగా ఉండి కూడా విలువ తేడాగా ఉంటే, పరీక్ష కోసం వదిలిన రంధ్రానికి ముల్లు తిరిగే మామూలు పీడన గేజిని తగిలించి పోల్చాలి. గేజి, సెన్సర్ రెండూ ఒకే మాట చెబితే సెన్సర్ నిజమే చెబుతోంది. అప్పుడు వెతకవలసింది పంపులో, వాల్వుల్లో. ఇక సెన్సర్లు ఎన్నడూ చెడవని కాదు. పీడనం ఒక్కసారిగా ఎగసే దెబ్బలకు లోపలి పొర అలిసిపోతుంది, పగులుతుంది. కనెక్టర్‌లోకి లోపలి నుంచి నూనె ఊరుతుంటే సెన్సర్‌ను తప్పక మార్చాలి. మార్చడం తప్పు కాదు, పరీక్షించకుండా మార్చడం తప్పు.

మీరే చేసి చూడండి

పొక్లెయిన్ లేకుండానే ఈ తప్పులన్నీ ఇంట్లో చూడవచ్చు. కావలసినవి: మూడు టార్చి సెల్‌లు, 10 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ ఒకటి, 1.2 కిలో ఓమ్‌ల నిరోధాలు రెండు, 1 కిలో ఓమ్ నిరోధం ఒకటి, ఒక డిజిటల్ మల్టీమీటర్.

సెల్‌లను వరుసగా కలిపితే 4.5 వోల్టులు. వాల్యూమ్ కంట్రోల్ రెండు చివరి కాళ్లకు చెరొక 1.2 కిలో ఓమ్‌ల నిరోధాన్ని తగిలించి, వాటి మీదుగా సెల్‌ల ధన, రుణ ధ్రువాలకు కలపండి. మధ్య కాలు మీ సంకేతపు తీగ. మీటరు నల్ల తీగను సెల్‌ల రుణ ధ్రువానికి, ఎర్ర తీగను మధ్య కాలుకు పెట్టండి. పిడి తిప్పితే వోల్టేజి సుమారు 0.44 నుంచి 4.06 వరకు మారుతుంది. ఇదే మీ పీడన సెన్సర్.

ఇప్పుడు ధన ధ్రువం తీగ విప్పండి. సున్న వస్తుంది. దాన్ని తిరిగి కలిపి రుణ ధ్రువం తీగ విప్పండి. పిడి ఎక్కడున్నా దాదాపు 4.5 చూపుతుంది. భూతీగ తెగితే కోడ్ 'ఎక్కువ' అని ఎందుకు వస్తుందో మీ కళ్లతోనే చూశారు. చివరగా పిడిని కనిష్ఠ స్థానంలో ఉంచి, రుణ ధ్రువం తీగలో 1 కిలో ఓమ్ నిరోధాన్ని చేర్చండి. 0.44 ఉన్నది 0.74 అవుతుంది. పిడి కదలలేదు, విలువ మారింది. అదే చిలుము పట్టిన కనెక్టర్.

ఇది తెలిసినవారికి పని

మన దగ్గర చెరువుల్లో, రోడ్ల పనుల్లో, సింగరేణి ఉపరితల గనుల్లో ఇలాంటి హైడ్రాలిక్ యంత్రాలు పనిచేస్తున్నాయి. స్పానర్ పట్టగల చేతులు చాలానే ఉన్నాయి. స్పానర్‌తో పాటు మీటరు కూడా పట్టి, కొలిచిన అంకెకు అర్థం చెప్పగలవారు తక్కువ. ఓమ్ నియమం, వీట్‌స్టన్ బ్రిడ్జి, పాస్కల్ సూత్రం - ఇవి మూడూ మీ పాఠ్యపుస్తకాల్లో వేరువేరు పాఠాలు. ఆ యంత్రం దగ్గర మూడూ ఒకే పాఠం.

ఆ రోజు సాయంత్రానికి ట్రాక్టర్లు మళ్లీ కదిలాయి. కట్ట మీద కూర్చున్న హెల్పర్ కుర్రాడు మల్టీమీటర్ తిప్పి తిప్పి చూస్తున్నాడు. "గిది ఎంతకొస్తదన్నా?" అని మెకానిక్‌ను అడిగాడు. అక్కడ వృథాగా కొన్న రెండు సెన్సర్లలో ఒకదాని ధర కంటే అది చాలా తక్కువ.